బొమ్మ రాకపోతే ముందు వైరు చూడండి

(పాత టీవీ గేములు, ఎమ్యులేటర్లపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

1997 నుంచి ఏడేళ్లు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి సందులో నాలుగు టీవీలు, నాలుగు గేమ్ బాక్సులతో షాపు నడిపాను. అరగంటకు మూడు రూపాయలు. ఇప్పుడు అదే షట్టర్ కింద టీవీలు, ఫోన్లు బాగుచేస్తున్నాను. పాత గేమ్ బాక్సు చేసే పనంతా ఫోన్లోనో కంప్యూటర్లోనో చేసి చూపించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. దాని మీద ప్రశ్నలు పంపమంటే ఇన్ని వస్తాయనుకోలేదు. వాటిలో ఏడింటికి ఈసారి జవాబులు.

*

అన్నా, రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించి, అందులో రెట్రోపై అనే ఎమ్యులేటర్ల మూట ఎక్కించాను. గేములు వస్తున్నాయి గానీ స్క్రీన్ మూల మీద పసుపు రంగు మెరుపు గుర్తు కనిపిస్తోంది. ఇరవై నిమిషాలు ఆడగానే సౌండ్ కరకరమంటుంది, గేమ్ నత్తలా నడుస్తుంది. ఎమ్యులేటర్ మార్చాను, మెమరీ కార్డు తుడిచి మూడుసార్లు మళ్లీ ఎక్కించాను. బోర్డే పాడైందా?
– రైస్ మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

బోర్డు బాగానే ఉంది తమ్ముడూ, ఎమ్యులేటరూ బాగానే ఉంది. అంత పెద్ద ఉత్తరంలో దానికి కరెంటు దేంతో ఇస్తున్నావో మాత్రం రాయలేదు. ఇంట్లో పడి ఉన్న ఫోన్ ఛార్జరే అయి ఉంటుంది.

లో వోల్టేజీలో బోరు మోటారు ఎట్లా మూలుగుతుందో మీ దగ్గర ఎవరికీ చెప్పనక్కర లేదు. ఇదీ అదే కథ. బోర్డుకు అందే వోల్టేజీ 4.63 కంటే కిందికి పడితే ఆ మెరుపు గుర్తు వస్తుంది. మోటారైతే కాలిపోతుంది, ఈ బోర్డు మాత్రం తన వేగం తానే తగ్గించుకుని బతుకుతుంది. గేమ్ నత్తలా నడిచేది అందుకే. ఛార్జర్ మీద 5 వోల్టులు అని రాసి ఉన్నా, సన్నటి వైరు గుండా బోర్డు దాకా వచ్చేసరికి అందులో కొంత పోతుంది. దీనికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే టైప్-సి అడాప్టర్ కావాలి. వైరు దానికే అతికి ఉన్నది తీసుకో.

అడాప్టర్ మార్చాక కూడా ఇరవై నిమిషాలకే మొరాయిస్తే అది వేడి. చిప్ 80 డిగ్రీలకు చేరగానే వేగం తగ్గించడం షురూ చేస్తుంది. మే నెలలో మన జిల్లాలో బయటే 44, 45 ఉంటుంది. నువ్వేమో దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి టీవీ వెనక గోడకు ఆనించి ఉంటావు. మూత తీసి ఒక రోజు ఆడి చూడు. తేడా కనిపిస్తే అల్యూమినియం కేసో, చిన్న ఫ్యానో కొనుక్కో.

ఇలా చెబుతున్నాను గానీ నేనూ నేర్చుకున్నది దెబ్బ తినే. షాపు పెట్టిన మొదటి నెలలో ఒక అడాప్టర్ పోతే రేడియోది తెచ్చి పెట్టాను. అదీ 9 వోల్టులే, పిన్నూ సరిపోయింది. కానీ దానికి ప్లస్ లోపల, మైనస్ బయట. మా బాక్సుకు తిరగేసి ఉండాలి. స్విచ్ వేయగానే అగరుబత్తిలా సన్నటి పొగ. నాలుగు టీవీల షాపు ఆ సాయంత్రం నుంచి రెండు వారాలు మూడు టీవీలతో నడిచింది.

*

అన్నా, చిన్నప్పుడు తమ్ముడూ నేనూ టీవీ గేమ్‌లో మారియో ఆడేవాళ్లం. మొన్న మా బాబు నా ఫోన్లో రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ యాప్ వేసి అదే గేమ్ పెట్టిచ్చాడు. పాట పరుగెడుతోంది, మారియో కూడా. చిన్నప్పుడు ఇంత స్పీడు లేదు. నేను పిల్లలకు సంగీతం చెబుతాను, కాలం విషయంలో నా చెవి పొరబడదు. మావాడు మాత్రం ‘నీకు వయసైంది మమ్మీ’ అంటున్నాడు.
– సంగీతం టీచర్, మహబూబ్‌నగర్

మీ చెవే కరెక్ట్ అక్కా. ఈ ఉత్తరం చదివి నాకు భలే సంతోషమైంది. పదేళ్లుగా షాపుకు వచ్చినవాళ్లకల్లా ఇదే చెబుతున్నాను, ఎవరూ నమ్మలేదు.

మనం ఆడిన బాక్సు మీద ఏ పేరున్నా, లోపల ఉన్నది జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో కంపెనీ గేమ్ బాక్సు ఫ్యామికామ్‌కు నకలు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు 60 సార్లు బొమ్మ గీస్తాయి. మన టీవీలు పాల్ పద్ధతివి, 50 సార్లే. ఆ రోజుల గేములు కాలాన్ని సెకన్లలో కాకుండా బొమ్మల్లో లెక్కపెట్టుకునేవి. బొమ్మకింత చొప్పున మారియో నడుస్తాడు, బొమ్మకింత చొప్పున పాట సాగుతుంది. అందుకని 60కి రాసిన గేమ్‌ను 50 బాక్సులో పెడితే అంతా ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. మన చిన్నతనమంతా నడిచింది ఆ కాలంలోనే. ఫోన్లో మీ బాబు చూస్తున్నది జపాన్ పిల్లల కాలం.

చూపిస్తే గానీ నమ్మడంటారా, మొదటి ఆట మొదలుపెట్టి మారియోను కదపకుండా నిలబెట్టండి. పైన టైమ్ 400 నుంచి దిగుతుంది కదా. అందులో ఒక్కో అంకెకు 24 బొమ్మలు. స్టాప్‌వాచ్ పట్టుకుని చూడండి, 60 లెక్కన సున్నాకు రావడానికి దాదాపు 160 సెకన్లు పడుతుంది. మన పాత బాక్సులో 192. అరనిమిషం తేడా వయసు వల్ల రాదు.

ఇక బాగుచేసే పని. గేమ్ నడుస్తుండగా క్విక్ మెనూలోకి వెళ్లి కోర్ ఆప్షన్స్ తెరవండి. కోర్ అంటే రెట్రోఆర్చ్ లోపల ఒక్కో బాక్సులా పనిచేసే ఎమ్యులేటర్. నెస్టోపియా, ఎఫ్‌సీఈయూఎంఎం అనే కోర్లు రెండింటిలోనూ రీజియన్ మార్చుకోవచ్చు. మనకు పనికొచ్చే రీజియన్లు రెండు, ఒకటి పాల్, ఇంకొకటి డెండీ. ఇక్కడ మీ చెవికి పని ఉంది. పాల్ పెడితే కాలంతోపాటు శృతి కూడా దిగుతుంది, అరస్వరం కంటే కాస్త ఎక్కువే. ఎందుకంటే యూరప్‌లో కంపెనీవాళ్లు అమ్మిన అసలు బాక్సులో చిప్ గడియారమే నెమ్మది, 1.66 మెగాహెర్ట్జ్. జపాన్‌ది 1.79. డెండీ అన్నది రష్యాలో 1992లో అమ్మకానికి వచ్చిన నకలు బాక్సు పేరు. అందులో గడియారం 1.77, అంటే శృతి దాదాపు కదలదు, కాలం మాత్రం 50కి దిగుతుంది. మన దగ్గరికి వచ్చిన నకలు బాక్సులకు దగ్గరి చుట్టం ఇదే. డెండీ పెట్టి, గేమ్ మూసి మళ్లీ తెరిచి, కళ్లు మూసుకుని వినండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చాలా ఫోన్ల స్క్రీన్ 60తో నడుస్తుంది కాబట్టి 50 గేమ్ పక్కకు జరిగేటప్పుడు బొమ్మ కొంచెం తడబడుతుంది. నాకైతే అది అభ్యంతరం కాదు.

*

అన్నా, ముస్తఫా గేమ్ డౌన్‌లోడ్ చేసి, జిప్ విప్పి ఫోల్డర్లో పెట్టా. ఒక్క ఫైలూ ఓపెన్ కాదు. ఎమ్యులేటర్ ఏమో ‘ఫైల్స్ మిస్సింగ్’ అంటది. మంచి లింకు ఉంటే చెప్పగలవా?
– డిగ్రీ విద్యార్థి, సూర్యాపేట

లింకులు అడగొద్దు తమ్మీ, ఇవ్వను. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు, గేమ్ మాత్రం ఎవరో ఒకరి సొత్తు. ఏ ఫైలైనా నీకు న్యాయంగా దొరికిందన్న లెక్కన చెబుతాను.

ముందు పేరు సంగతి. నువ్వడిగేది 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులో పసుపు టోపీవాడి పేరు ముస్తఫా కాబట్టి మన దేశంలో గేమ్‌కే ఆ పేరు స్థిరపడింది. ఎమ్యులేటర్‌కు ఆ పేరు తెలియదు. దానికి తెలిసింది డైనో. జిప్ పేరు ముస్తఫా అని మార్చావంటే అది గుర్తుపట్టదు.

రెండోది, విప్పకూడదు. ఆ జిప్ లోపల ఉన్నవి పైసలు వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్ బోర్డు మీది చిప్పులు, ఒక్కో చిప్పుకు ఒక ఫైలు. ఏ ఒక్కదాన్నీ విడిగా తెరవలేం. అన్నీ ఒక సంచిలో ఉంటేనే ఎమ్యులేటర్ తనకు కావలసినవి ఏరుకుంటుంది.

మూడోది చాలామందికి తలనొప్పి తెచ్చేది. మేమ్ అనే ఆర్కేడ్ ఎమ్యులేటర్ 1997 నుంచి వస్తూనే ఉంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కొన్ని గేముల చిప్పుల జాబితా మారుతుంది. ఒక వెర్షన్‌కు కట్టిన జిప్ ఇంకో వెర్షన్‌లో ‘మిస్సింగ్’ అనేది అందుకే. మేమ్ 2003-ప్లస్ కోర్ అయితే దానికి కట్టిన సెట్, ఎఫ్‌బీ నియో అనే ఇంకో ఆర్కేడ్ కోర్ అయితే దానిది. పైగా ఈ గేమ్‌లో క్యూసౌండ్ అనే సౌండ్ చిప్ ఉంది. కొత్త మేమ్ దాని ఫైలును విడిగా ఇంకో జిప్‌లో అడుగుతుంది. స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్‌లో ఏ ఫైలు లేదో పేరుతో సహా రాసి ఉంటుంది. మీరెవరూ దాన్ని చదవరు, ఫోటో తీసి నాకు పంపిస్తారు.

గేమ్ తెరుచుకున్నాక స్టార్ట్ నొక్కితే ఏమీ కావడం లేదని ఇంకో ఉత్తరం రాసేవు. అది ఆర్కేడ్, పైసలు వేయాలి. సెలెక్ట్ బటనే నాణెం. ముందు సెలెక్ట్, తర్వాత స్టార్ట్.

*

సార్, మా పిల్లలకు ప్లేస్టేషన్ 1 గేములు నా పాత సీడీల నుంచి కాపీ చేసి పెట్టాను. మొదట బాగానే వచ్చాయి. ఫైళ్లకు అడ్డదిడ్డం పేర్లున్నాయని నీటుగా మార్చాక నల్ల స్క్రీన్ తప్ప ఏమీ రావడం లేదు. బయాస్ అని కూడా ఏదో అడుగుతోంది.
– ఒక తండ్రి, దేవరకొండ

నీటుగా మార్చడమే చేటు తెచ్చింది సార్. సీడీ కాపీలో రెండు ఫైళ్లుంటాయి. బిన్ అన్నది సరుకు, క్యూ అన్నది చలాన్ లాంటిది. క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి, మొదటి వరుసలోనే బిన్ ఫైలు పాత పేరు కనిపిస్తుంది. మీరు సరుకు పేరు మార్చారు, చలాన్‌లో మార్చలేదు. కోట్స్ మధ్య కొత్త పేరు అక్షరం పొల్లుపోకుండా రాసి సేవ్ చేయండి. ఎమ్యులేటర్‌లో తెరవాల్సింది ఎప్పుడూ క్యూ ఫైలునే.

బయాస్ అంటే బాక్సు స్విచ్ వేయగానే లేచే సొంత ప్రోగ్రాం, 512 కేబీ ఉంటుంది. అది మీ కన్సోల్ నుంచి తీసుకున్నదై ఉండాలి. రెట్రోఆర్చ్‌లో సిస్టమ్ ఫోల్డర్లో పెట్టాలి, పేరు అన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి. అమెరికా గేములకు 5501 నంబరుది, జపాన్‌వాటికి 5500, యూరప్‌వాటికి 5502. పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే కోర్ బయాస్ లేకున్నా నెట్టుకొస్తుంది గానీ కొన్ని గేములు మధ్యలో ఆగిపోతాయి.

*

అంకుల్, నేను గేమ్‌లోనే సేవ్ చేస్తున్నా. సేవ్ అయిందని చూపిస్తుంది కూడా. తెల్లారి చూస్తే ఉండదు. నాలుగుసార్లు అయింది. ఏడుపొస్తుంది.
– ఎనిమిదో తరగతి, కల్వకుర్తి

గేమ్ ఆపేటప్పుడు ఏం చేస్తున్నావు నాన్నా? గోడ మీది స్విచ్ కట్టేస్తున్నావు కదూ. లేదా మీ వీధిలో కరెంటు పోతుంది.

పాత క్యాసెట్లో చిన్న బటన్ బ్యాటరీ ఉండేది, సేవ్‌ను అది కాపాడేది. ఎమ్యులేటర్ మాత్రం నువ్వు సేవ్ చేసింది ముందు తన జ్ఞాపకంలో ఉంచుకుని, గేమ్‌ను పద్ధతిగా మూసినప్పుడు కార్డు మీద రాస్తుంది. మధ్యలో కరెంటు తీస్తే రాసే అవకాశమే లేదు. రెట్రోఆర్చ్ సెట్టింగ్స్‌లో సేవింగ్‌లోకి వెళ్లు. సేవ్‌రామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ అని ఉంటుంది. దాన్ని 10 సెకన్లకు పెట్టు. ఇక కరెంటు పోయినా పది సెకన్ల ఆటే పోతుంది. గేమ్ అయ్యాక మెనూలో షట్‌డౌన్ నొక్కి, దీపం మినుకుమనడం ఆగాకనే స్విచ్ కట్టెయ్యి.

సేవ్ స్టేట్ అని ఇంకొకటుంది. ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవచ్చు. కానీ కోర్ అప్‌డేట్ అయితే పాత స్టేట్ తెరుచుకోకపోవచ్చు. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

*

అన్నా, అటక మీద నుంచి పాత బాక్సు దించి కొత్త ఎల్‌ఈడీ టీవీకి పెట్టాను. అన్ని గేములూ వస్తున్నాయి, బాతుల గేమ్‌లో గన్ మాత్రం పేలడం లేదు. గన్ విప్పి తుడిచాను, వైర్లు చూశాను. స్ప్రింగ్ మార్చాలా?
– బట్టల షాపు యజమాని, గద్వాల

స్ప్రింగ్ జోలికి పోవద్దన్నా. గన్ బాగుంది, టీవీ మారింది.

గన్ ఏమీ కాల్చదు, చూస్తుంది. ముందు భాగంలో వెలుగును కనిపెట్టే చిన్న కన్నుంది. నువ్వు ట్రిగ్గర్ నొక్కగానే గేమ్ ఒక్క క్షణం స్క్రీన్ మొత్తం నల్లగా చేసి, మరుక్షణం బాతు ఉన్న చోట తెల్ల డబ్బా గీస్తుంది. గన్‌కు ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే తగిలినట్టు. ఇదంతా సెకనులో ముప్పయ్యో వంతుకు అటూ ఇటూ. డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చీ రాగానే బొమ్మ పడుతుంది. ఎల్‌ఈడీ టీవీ ఆ బొమ్మను పట్టుకుని, సైజు పెంచి, నునుపు చేసి తీరిగ్గా చూపిస్తుంది. అప్పటికి గేమ్ గన్‌ను అడగడం, లేదనిపించుకోవడం అయిపోతాయి.

మా షాపులో ఒకడు గన్‌ను ట్యూబ్‌లైట్‌కు గురిపెట్టి కాల్చేవాడు, అన్ని బాతులూ పడతాయని. ఒక్కటీ పడలేదు. గేమ్ ముందు చీకటి అడుగుతుంది కదా, ట్యూబ్‌లైట్ దగ్గర చీకటి ఎక్కడిది!

నీకు మూడు దారులు. ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో ఎమ్యులేటర్ పెట్టుకుంటే వేలో మౌసో గన్ అవుతుంది, కానీ ఆ మజా రాదు. కెమెరాతో పనిచేసే సిండెన్ లైట్‌గన్ అని కొత్తది ఉంది, అది ఎల్‌ఈడీ మీద కూడా పనిచేస్తుంది, అయితే అది కంప్యూటర్‌కు, రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు పెట్టుకునేది. మూడోది, ఇనుప సామాన్లవాడికి వేయకుండా ఎవరి ఇంట్లోనైనా డబ్బా టీవీ మిగిలి ఉంటే తెచ్చుకోవడం. నేనైతే మూడోదే చేస్తాను.

డబ్బా టీవీ దొరికితే, మిర్యాలగూడ తమ్ముడిలా పై 4 బోర్డు ఉన్నవాళ్లు దాన్ని కూడా ఆ టీవీకే పెట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రంలోంచే బొమ్మ కూడా వస్తుంది. రెట్రోపై రెడీమేడ్ ఇమేజ్‌లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి ఎనేబుల్ టీవీ అవుట్ అన్నదానికి 1, ఎస్‌డీటీవీ మోడ్‌కు 2 ఇవ్వాలి. రెండోది మరిచిపోతే అమెరికా పద్ధతిలో సిగ్నల్ వచ్చి బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో పడటమో, దొర్లడమో జరుగుతుంది. పాత వీడియో కెమెరాల మూడు రంగుల వైరు కొంటే జాగ్రత్త, చాలావాటిలో గ్రౌండ్, వీడియో తారుమారై ఉంటాయి. బజారులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మల్టీమీటర్ పెట్టి చూపించమని షాపువాణ్ని అడుగు. మొహమాటపడొద్దు.

*

బటన్ నొక్కాక మారియో ఆలస్యంగా ఎగురుతున్నాడు, ప్రతిసారీ గుంటలో పడుతున్నా. నాన్నేమో నీకు ఆడరాదు అంటున్నాడు. ల్యాప్‌టాప్‌ను టీవీకి పెట్టి, బ్లూటూత్ రిమోట్‌తో ఆడుతున్నా. మరొకటి: మా దగ్గర 9999 గేముల క్యాసెట్ ఉంది. నిజంగా అన్ని ఉంటాయా?
– పదో తరగతి, నల్లగొండ

టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి, సగం రోగం అక్కడే పోతుంది. బ్లూటూత్ బదులు వైరు రిమోట్ పెట్టు. ఇంకా మిగిలితే రెట్రోఆర్చ్‌లో రన్-అహెడ్ అని ఆలస్యం తగ్గించే సెట్టింగ్ ఉంది. కీబోర్డులో పి నొక్కి గేమ్ ఆపు, ఎగిరే బటన్ పట్టుకుని కె ఒక్కొక్కసారి నొక్కుతూ, ఎన్నో నొక్కుకు మారియో కదిలాడో లెక్కపెట్టు. అందులోంచి ఒకటి తీసేసి ఆ అంకె పెట్టు. అంతకంటే ఎక్కువ పెడితే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. ఇవన్నీ అయ్యాక కూడా గుంటలోనే పడితే నాన్న చెప్పింది ఆలోచించాలి.

క్యాసెట్ సంగతికి వస్తే, ఉండవు. ఉన్న కొన్ని గేములనే మూడో ఆట నుంచి ఒకసారి, ఏడో ఆట నుంచి ఒకసారి మొదలయ్యేలా పెట్టి, పేర్లు మార్చి నింపేవారు. మా షాపులో నీ ఈడు పిల్లవాడు ఒకడు నోట్‌బుక్ తెచ్చుకుని రెండు ఆదివారాలు కూర్చున్నాడు. అంకె నొక్కడం, గేమ్ చూడడం, పేరు రాయడం. మూడు వందలు దాటాక ఆపేశాడు. వేర్వేరు గేములు ముప్పై ఒకటి తేలాయి. ఆ రెండు ఆదివారాలకు నేను పైసలు తీసుకోలేదు. ఆ నోట్‌బుక్ వాడు తీసుకుపోయాడు, అది నా దగ్గర ఉండాల్సింది.